బిషాన్ వంటింటి గోడ

నాకు కక్ష ఎక్కువ. చిన్నప్పటి సంగతులు రాసేవాళ్ళు చాలామంది చివరికొచ్చేసరికి మెత్తబడి, అందరినీ క్షమించేసి, కళ్ళు తుడుచుకుని కలం మూసేస్తారు. నేనూ అలాగే చేస్తానని ఆశపడేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. మనిషి చూపు గురించి పరిశోధన చేసి, పాఠాలు చెప్పి బతికినదాన్ని నేను. ఇరవై ఏళ్ళుగా సింగపూర్‌లోనే ఒక విశ్వవిద్యాలయంలో పిల్లలకి కన్ను ఎలా మోసపోతుందో, ఆ మోసంలో మెదడు వాటా ఎంతో చెబుతూ వచ్చాను. ఈ చదువే ఎందుకు ఎంచుకున్నారని ఎవరైనా అడిగితే, అప్పటికి తోచిన అందమైన జవాబొకటి చెప్పి పంపేసేదాన్ని. అసలు జవాబు ఒక మనిషి పేరు. ఆ పేరు మొన్న వానలు మొదలయ్యే ముందు నా గదిలోకి దానంతటదే వచ్చింది.

మా సంఘంవాళ్ళు ఒక ఆదివారం మధ్యాహ్నం కమ్యూనిటీ హాల్లో తెలుగువాళ్ళ కోసం దృష్టిభ్రమల గురించి తెలుగులోనే మాట్లాడమని అడిగారు. ఆ ప్రకటన కాగితం నా గది తలుపుకి అంటించి ఉంది. నా క్లాసులో చదివే మేఘన అనే పిల్ల దాన్ని చదివి లోపలికి తొంగి చూసింది.

"ప్రొఫ్, ఈ టాక్‌కి మా తాతయ్య వస్తానంటున్నారు. తెలుగులో అంటే హీ సో హ్యాపీ లా. ముందు వరసలో ఒక సీట్ చోప్ చెయ్యొచ్చా? వెనకనుంచి ఆయనకి వినపడదు."

"తప్పకుండా ఆపి ఉంచుతాను. ఎక్కడుంటారు మీ తాతగారు?"

"బిషాన్. ఎప్పట్నించో సేమ్ ఫ్లాట్. ప్రకాశరావు అని. పాత తెలుగువాళ్ళందరికీ ఆయన తెలుసంట."

నాకు చెవుల్లో వేడి పుట్టింది. మొహం మాత్రం మామూలుగానే పెట్టుకుని, "మీ వంటింటి గోడకి ఏ రంగు టైల్స్ ఉన్నాయి?" అని అడిగాను. ఆ పిల్ల విచిత్రంగా చూసింది. "వైట్. ప్లెయిన్ వైట్. వై ఆ?" ఏమీ లేదన్నాను. తను వెళ్ళాక తలుపు వేసుకుని, నాన్న పోయాక ఎప్పుడూ పడనంత సంతోషంతో నాలో నేనే నవ్వుకున్నాను. ముందు వరసలో సీటా? తప్పకుండా ఆపి ఉంచుతాను ప్రకాశరావుగారూ, సరిగ్గా మధ్యలో ఆపి ఉంచుతాను అనుకున్నాను.

మా నాన్న పేరు అప్పలనాయుడు. తాత విజయనగరం వైపునుంచి సెంబవాంగ్‌లో తెల్లవాళ్ళ నౌకాస్థావరంలో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నాన్న ఇక్కడే పుట్టాడు. మేము యీషున్‌లో ఎనిమిదో అంతస్తులో చిన్న ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. నాన్న ఒక చీనా మేస్త్రీ దగ్గర టైల్స్ పని నేర్చుకుని, తర్వాత సొంతంగా చేసేవాడు. మా ఇంటికి ఒక వాసన ఉండేది. తడి సిమెంటు, అమ్మ వేయించే ఎండు నెత్తళ్ళు, తలకి రాసుకునే కొబ్బరినూనె, మూడూ కలిస్తే వచ్చే వాసన అది. ఇప్పటికీ ఎక్కడైనా కొత్త కట్టడం పక్కనుంచి వెళుతూ తడి సిమెంటు వాసన తగిలితే నాకు ఆకలేస్తుంది. పనికి పట్టుకెళ్ళే టైల్స్‌లో కొన్నిటిని నాన్న స్నానాలగదిలో బకెట్లో నానబెట్టేవాడు. పొడి టైలు సిమెంటులో నీళ్ళు పీల్చేసి, గోడకి పట్టకుండా ఊడిపోతుందట. నీళ్ళలో పడెయ్యగానే వాటి వీపు మీదనుంచి సన్నని బుడగలు బిరబిరా పైకొచ్చేవి. బుడగలు ఆగిపోతే దాహం తీరినట్టు. నేను స్నానం మానేసి బకెట్ పక్కన కూర్చుని బుడగలు చూస్తుంటే అమ్మ బయటనుంచి తలుపు బాదేది. "ఓలమ్మా, పైడీ, నీ తాణం అయిందా లేదా? స్కూలు బస్సు నీ కోసం ఆగుతాదేటి?" అని.

నాన్నకి ఒంకర అంటే పడదు. గోడ మీద కేలండర్ ఒక వేలు వాలితే ఆయనకి అన్నం సయించదు. లేచి సరిచేసి వచ్చి మళ్ళీ కూర్చునేవాడు. చుట్టాల ఇంటికి వెళితే కాఫీ గ్లాసు చేతిలో పెట్టుకుని, రెండో చేత్తో వాళ్ళ గోడ మీద వేలి మెటికలతో కొట్టి వినేవాడు. డొల్లగా మోగితే లోపల సిమెంటు సరిగ్గా పడలేదని అర్థం. ఆ మాట మొహం మీదే చెప్పేసేవాడు. అమ్మకి సిగ్గు చచ్చిపోయేది. గుడికి తీసుకెళితే అందరూ దేవుడికేసి చూస్తుంటే ఆయన నేల చూసేవాడు. "దండం పెట్టుకోవయ్యా" అని అమ్మ మోచేత్తో పొడిస్తే, "ఉండవే, ఈ మూల ఎవడేసినాడో గానీ బాగా ఏసినాడు" అనేవాడు. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక నూలు దారపు ఉండ, అరచెయ్యంత రసమట్టం ఉండేవి. రసమట్టమంటే చెక్కలో బిగించిన చిన్న గాజు గొట్టం. అందులో ఒక బుడగ ఉంటుంది. బుడగ నడిమధ్యకి వస్తే తిన్నగా ఉన్నట్టు. పెళ్ళికెళ్ళినా, పేరంటానికెళ్ళినా పట్టుచొక్కా జేబులో ఆ రెండూ ఉండాల్సిందే. ఆ మనిషి తాగి టైల్స్ పరిచాడని ఊరంతా చెప్పుకుంది.

ప్రకాశరావుగారు ఆ రోజుల్లో మా తెలుగువాళ్ళలో పెద్దమనిషి. ఏదో ఆఫీసులో ఇంజినీరు. ఏ పండగ సభ జరిగినా మొదటి ఉపన్యాసం ఆయనదే, ఆఖరి ఉపన్యాసమూ ఆయనదే. బిషాన్‌లో కొత్త ఫ్లాట్లు కట్టినప్పుడు ఒకటి తీసుకుని, వంటింటి గోడకి నాన్నని పిలిపించాడు. ఏదో విదేశీ పత్రికలోంచి చింపిన బొమ్మ చూపించాడట. ఒక నల్ల పలక, ఒక తెల్ల పలక, మళ్ళీ నల్లది, మళ్ళీ తెల్లది. కింది వరస మీద పై వరసని సగం పలక పక్కకి జరిపి పరచాలి. అచ్చం అలాగే కావాలన్నాడు. నాన్న ఒకటే మాట చెప్పాడు, సందుల్లో తెల్ల సిమెంటు నింపుదాం అని. "తెల్లదైతే వంట జిడ్డుకి నెలలో పసుపెక్కిపోతుంది. బూడిదరంగు వెయ్యి" అన్నాడాయన. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నా కక్ష అంతా ఈ మాట మీద నిలబడి ఉంది.

మూడు రోజులు పని జరిగింది. సందులు నింపకముందు ఆయన వచ్చి చూసి, బావుందని మెచ్చుకున్నాడట. మర్నాడు నాన్న బూడిద సిమెంటు నింపి, తడిగుడ్డతో తుడిచి, నాలుగడుగులు వెనక్కి వచ్చి చూసుకున్నాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చిన మనిషి చేతులు కడుక్కోకుండా అలాగే కుర్చీలో కూర్చున్నాడు. మామూలుగా అయితే గోళ్ళలో సిమెంటు పోవడానికి నిమ్మతొక్క పెట్టి రుద్దుకుంటూ అమ్మతో కబుర్లు చెప్పేవాడు.

"ఏటోనే, సిమెంటు నింపగానే వరసలు ఒంగిపోనాయి" అన్నాడు. "ఒకటి ఇటు సన్నం, దాని మీదది అటు సన్నం. మట్టం పెడితే బుడగ నడిమజ్జనే ఉంది. దారం ఏస్తే తిన్నగా ఉంది. దారం తీసేస్తే ఒంకర."

"ఎండకి కళ్ళు తిరిగుంటాయి. ఇంత అన్నం మకాన్ చేసి పడుకో. రేపు తిన్నగా అయిపోతాదిలే" అంది అమ్మ.

అవలేదు. ఆదివారం ఉదయం గృహప్రవేశం. మమ్మల్నీ పిలిచారు. పాలు పొంగించడం అయ్యాక ఆడవాళ్ళందరూ వంటిల్లు చూడడానికి ఎగబడ్డారు. "అయ్యో, గోడ ఒరిగిపోయిందేమిటండీ?" అని ఎవరో అన్నారు. ప్రకాశరావుగారు హాల్లోంచి వచ్చి చూశాడు. ఆయన మొహం ఎర్రబడింది. కొత్త ఇల్లు, పాతికమంది అతిథులు, అందరి ముందూ గోడ వంకర.

"అప్పలనాయుడూ, ఇలా రా. ఏమిటిది?"

"తిన్నగానే ఉంది బావు. దారం ఏసి సూపిత్తాను. ఒక్క నిమిసం" అంటూ నాన్న జేబులోంచి ఉండ తీశాడు.

"నాకు కళ్ళున్నాయి. వీళ్ళందరికీ కళ్ళున్నాయి. దారమెందుకయ్యా?" అని, వచ్చినవాళ్ళ వైపు తిరిగి నవ్వుతూ, "ఏం, పనిలోకి వచ్చే ముందే పుచ్చుకున్నావా?" అన్నాడు.

అందరూ నవ్వారు. నవ్వనివాళ్ళు నేల చూశారు. మా తాత తాగుడుతో పోయిన మనిషి. అందుకని నాన్న ఆ వాసన తగిలిన బల్ల దగ్గర కూర్చుని భోజనం కూడా చేసేవాడు కాదు. ఆయన దారం మళ్ళీ చుట్టుకుని జేబులో పెట్టుకున్నాడు. అమ్మని, నన్ను వెంటబెట్టుకుని భోజనం చెయ్యకుండా వచ్చేశాడు. అమ్మ ఇంటికొచ్చాక ప్రకాశరావుని ఏడు తరాల వరకూ తిట్టింది. నాన్న తిట్టలేదు. తిట్టి ఉంటే బావుండేది. ఆయన వెళ్ళి అద్దంలో తన కళ్ళు చూసుకున్నాడు, కింది రెప్ప వేలితో లాగి మరీ చూసుకున్నాడు.

వారం తిరక్కుండా ఆ గోడ పగలగొట్టించి వేరేవాళ్ళ చేత తెల్లటి పలకలు వేయించారని తెలిసింది. అంటే సాక్ష్యం కూడా పోయింది. మాట మాత్రం మిగిలింది. మా తెలుగువాళ్ళు అప్పుడు కొద్దిమందే. ఏ ఇంట్లో ఏం జరిగినా రెండో ఇంట్లో టీ తాగేలోపు తెలిసిపోయేది. అప్పలనాయుడు తాగుతాడట, అప్పలనాయుడికి చూపు తేడా చేసిందట. పిలిచేవాళ్ళు తగ్గారు, తర్వాత ఆగిపోయారు. అంతకంటే ఘోరమేమిటంటే నాన్న వాళ్ళని నమ్మడం మొదలుపెట్టాడు. ఇంట్లో ఈ గోడకీ ఆ గోడకీ మేకులు కొట్టి దారాలు కట్టేవాడు. కాస్త దూరం పోయి ఒక కన్ను మూసి చూసేవాడు, మళ్ళీ రెండో కన్ను మూసి చూసేవాడు. అమ్మ పోరు పెట్టీ పెట్టీ చివరికి ఆ దారాల మీదే నా యూనిఫాం ఆరేసింది. పాత న్యూస్‌పేపర్ల మీద స్కేలు లేకుండా గీతలు గీసి, తర్వాత స్కేలు పెట్టి చూసుకునేవాడు. గీతలు ఎప్పుడూ తిన్నగానే వచ్చేవి. అయినా తల ఊపుతూ కూర్చునేవాడు. చెయ్యి సరిగ్గా ఉంది, దారం సరిగ్గా ఉంది, మరి కన్ను ఎందుకు కాదంది? దీనికి జవాబు చెప్పగలిగిన మనిషి ఆయనకి తెలిసినవాళ్ళలో ఒక్కరూ లేరు.

చివరికి సెంబవాంగ్ షిప్‌యార్డ్‌లో ఓడలకి తుప్పు గీకే పనిలో చేరాడు. "అక్కడ ఏదీ తిన్నగా ఉండక్కర్లేదే" అన్నాడు అమ్మతో, నవ్వుతూనే. ఇంట్లో వాసన మారిపోయింది. సిమెంటు బదులు ఇనుము, రంగు, కిరసనాయిలు. చుట్టాల ఇళ్ళకి వెళితే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు, గోడల జోలికి వెళ్ళేవాడు కాదు. మా కేలండర్ ఒక పక్కకి వాలి ఉంటే సంవత్సరం పొడుగునా అలాగే ఉండేది. నేను కాలేజీలో చేరిన ఏడాది ఆయన గుండె ఆగి పోయాడు.

ఆయన పోయిన ఆరు నెలలకి, లైబ్రరీలో ఏదో పరీక్షకి చదువుతూ ఒక లావుపాటి పుస్తకం తిరగేస్తుంటే, పేజీ నిండా మా గోడ కనిపించింది. నల్ల పలక, తెల్ల పలక, సగం జరిపిన వరసలు, మధ్యలో బూడిదరంగు సన్న గీత. వరసలన్నీ ఒంకర. కింద రాసి ఉంది, ఈ గీతలన్నీ సమాంతరంగా ఉన్నాయి, స్కేలు పెట్టి చూడండి అని. ఇంగ్లండులో ఒక టీ దుకాణం గోడ మీద ఇలాంటి పలకలు చూసి చదువుకున్నవాళ్ళు ఆగి ఆశ్చర్యపోయారట. అది అసలు వంకరగా ఉందా అని కొలిచారట. దాని మీద వ్యాసాలు రాశారట. అక్కడ ఆ గోడ శాస్త్రమైంది, బిషాన్‌లో అదే గోడ మా నాన్న తాగుడైంది. సంచీలోంచి స్కేలు తీశాను. పెట్టి చూశాను. తిన్నగా ఉంది. ఆ పుస్తకాన్ని బల్లకేసి కొట్టాను. లైబ్రరీ అమ్మాయి వచ్చి నన్ను బయటికి పంపించేసింది.

అది ఎలా జరుగుతుందో ఇప్పుడు నాకు తెలుసు, ఒక జీవితం పెట్టి తెలుసుకున్నాను. కన్ను గోడ మొత్తాన్ని ఒక్కసారి చూడదు. మెదడులో చూపుకి సంబంధించిన చోట లెక్కలేనన్ని చిన్న కణాలు, ఒక్కొక్కటీ ఒక్కో చిన్న ముక్కని మాత్రమే చూసి, ఇక్కడ అంచు ఎటు వాలి ఉందో చెబుతాయి. నల్ల పలక మూల తెల్ల పలక మూలని తాకే చోట, మధ్యలో బూడిద గీత ఉంటే, ఆ గీత ఒక పక్క చీకటిలోకీ ఇంకో పక్క వెలుగులోకీ కలిసిపోయి, అక్కడ అంచు ఆవగింజంత వాలినట్టు అనిపిస్తుంది. అలాంటి ఆవగింజలు వరస పొడుగునా ఒకే వైపు వాలితే, మెదడు వాటన్నిటినీ కలిపి ఒక పొడుగాటి ఏటవాలు గీత చేసి మనకి అందిస్తుంది. మనం చూసేది గోడని కాదు, గోడ గురించి మెదడు వేసిన అంచనాని. ఇంకో సంగతి, ఆ అంచనాకి తెలివితో పని లేదు. నేను ఇరవై ఏళ్ళు పాఠం చెప్పాను, ఇప్పటికీ నా కంటికి ఆ వరసలు ఒంకరే. తెలుసుకున్నంత మాత్రాన కన్ను మారదు. ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. గీత నలుపుకీ తెలుపుకీ మధ్య రంగులో ఉండాలి. తెల్ల సిమెంటు నింపితే ఒంకర దాదాపు కనబడదు. గోడని వంచింది బూడిదరంగు. బూడిదరంగు అడిగింది ఆయన.

ఈ సంగతి తెలిశాక ప్రకాశరావుగారిని ఎన్నో సభల్లో చూశాను. అప్పలనాయుడు కూతుర్నని ఆయనకి తెలియదు. "మన తెలుగమ్మాయి, ప్రొఫెసర్!" అని మురిసిపోయి ఒకసారి స్టేజీ మీద నాకు శాలువా కప్పాడు కూడా. ఇంటికొచ్చి ఆ శాలువాతో స్నానాలగది నేల తుడిచాను, చిరిగి పీలికలయ్యేదాకా తుడిచాను. అప్పుడే ఎందుకు అడగలేదంటే, ఊరికే అడిగితే చాలదనుకున్నాను. కాగితం మీద బొమ్మ చాలదు. గోడే కావాలి, మనుషులుండాలి, ఆయన నోటితోనే మళ్ళీ వంకర అనిపించాలి. అలా అని నాకు నేను చెప్పుకున్నాను.

గోడ కట్టడానికి రమణ దొరికాడు. శ్రీకాకుళం వైపునుంచి పర్మిట్ మీద వచ్చిన టైల్స్ పనివాడు, నలభై ఏళ్ళుంటాయి. ఆదివారాలు సెలవు. చెక్క పలక మీద అదే కొలతతో, అదే వరసలతో వెయ్యమన్నాను. మూడో వారం ఫోను చేశాడు.

"మేడమ్, సిగ్గుగా ఉంది. రెండుసార్లు పీకీసి ఏసినాను. బూడిద నింపగానే ఒంకరొచ్చేత్తంది. లేజర్ ఏత్తే తిన్నగా ఉంటంది. నా లేజర్ పాడైపోనాదేటో."

నేను ఫోను పట్టుకుని ఏడ్చాను. ఆ మనిషి కంగారుపడి, మళ్ళీ ఉచితంగా వేస్తానన్నాడు. ఈ రోజుల్లో టైల్స్ పనివాళ్ళందరి దగ్గరా ఆ యంత్రం ఉంది. మీట నొక్కితే గోడ ఈ చివరినుంచి ఆ చివరికి ఎర్రటి గీత పడుతుంది. ఇంటివాడు ఎంత పెద్దమనిషైనా ఆ గీత ముందు నోరు మూసుకోవాల్సిందే. రమణకి అనుమానం వచ్చింది యంత్రం మీద, తన కళ్ళ మీద కాదు. మా నాన్న జేబులో ఉన్నది నూలు దారం. దారం చెప్పింది వినాలంటే ఎదుటివాడు ఒక నిమిషం ఆగాలి.

ఆ ఆదివారం హాలు నిండింది. ముందు వరస మధ్య కుర్చీని, ఇక్కడి అలవాటు ప్రకారం దాని మీద టిష్యూ పాకెట్ పెట్టి, నేనే ఆపి ఉంచాను. మేఘన ఆయన్ని నడిపించుకుంటూ తెచ్చింది. ఎనభై దాటాయి, చేతికర్ర, తెల్ల చొక్కా, అదే గొంతు. అమ్మ రానంది. "నాకొద్దే, ఆడి మొకం సూడలేను" అంది. స్టేజీ మీద ముసుగు తీయగానే హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చిన చప్పుడు వినబడింది. మైకు ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను.

"అంకుల్, ఈ వరసలు తిన్నగా ఉన్నాయా, వంకరగా ఉన్నాయా?"

"ఇందులో అడగడానికేముందమ్మా? పచ్చి వంకర."

"కొలవక్కర్లేదా?"

"కళ్ళు కనబడుతున్నాయిగా, శుక్లాల ఆపరేషన్ కూడా చేయించుకున్నాను" అని నవ్వించాడు.

రమణ లేజర్ వేశాడు. ఎర్ర గీత బూడిద గీత మీద చివరిదాకా పరుచుకుని కూర్చుంది. ఒక్కో వరసా అంతే. చప్పట్లు మోగాయి. అప్పుడు నేను చెప్పాను, ఈ గోడ బిషాన్‌లో ఒక వంటింట్లో ఉండేదని, దాన్ని పరిచినవాడు మా నాన్న అప్పలనాయుడని, బూడిదరంగు అడిగింది ఇంటాయనేనని, ఆ ఇంటాయన మీ ముందు వరసలోనే ఉన్నారని. హాలు మొత్తం తలలు తిప్పింది. నలభై ఏళ్ళు నేను ఎదురుచూసిన క్షణం అదే. తియ్యగా ఉంది, దాచుకోను.

ఆయన కాసేపు గోడనే చూశాడు. తర్వాత మొహం వెలిగింది.

"అయితే అది నా తప్పు కాదన్నమాట! ఎవరు చూసినా అలాగే కనబడుతుందని నువ్వే అన్నావుగా తల్లీ. మెదడు చేసిన పని!" అన్నాడు. ఎవరో నవ్వారు, ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. నా గోడ పెట్టి, నా శాస్త్రం పెట్టి, నేనే ఆయనకి విడుదల పత్రం రాసిచ్చాను. నాకు ఒళ్ళు మండిపోయింది.

"వంకరగా కనబడ్డం మీ తప్పు కాదు అంకుల్. దారం పెట్టి చూపిస్తానంటే పెట్టనివ్వలేదు. అది మెదడు చేసిన పని కాదు, మీరు చేశారు. తాగాడని అన్నారు. అదీ మీరే అన్నారు."

మేఘన మొహం పాలిపోయింది. ముసలాయన కర్ర మీద రెండు చేతులూ పెట్టి నన్ను నిదానంగా పట్టి చూశాడు.

"ఆ చిన్నపిల్లవి నువ్వేనా?" అన్నాడు. "గులాబీరంగు గౌను. నాకూ అప్పుడు అనుమానం వచ్చిందమ్మా. అంత ధైర్యంగా దారం పెడతానంటున్నాడే అని. అందుకే పక్కన నువ్వుంటే నిన్నే అడిగాను. కూతురు తండ్రి వైపే చెబుతుంది కదా, చెబితే దారం పెట్టనిద్దామనుకున్నాను. నువ్వు వంకరే అన్నావు. ఇంక దారమెందుకు అనుకున్నాను."

ఇంతవరకూ నేను రాయని ముక్క ఇది. ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పలేదు, అప్పుడు వంటింట్లో లేని అమ్మకీ చెప్పలేదు. నాకు పదేళ్ళు. పాతికమంది పెద్దవాళ్ళు నా వైపు చూస్తున్నారు. "పాపా, నువ్వు చెప్పు" అన్నాడు ఆయన. గోడ చూశాను. ఒంకరగా ఉంది. "ఒంకరే" అన్నాను, గట్టిగా, పాఠం అప్పజెప్పినట్టు. నాన్న నా వైపు చూశాడు. దారం చుట్టుకోవడం మొదలుపెట్టింది అప్పుడే. గౌను రంగు నాకు గుర్తులేదు, ఆయనకి గుర్తుంది. ఇన్ని సభల్లో ఆయన ఎదురుపడినా నోరెత్తకపోవడానికి కారణం గోడ లేకపోవడం కాదు, ఈ మాట ఆయన బయటపెడతాడన్న భయం.

జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది. పదేళ్ళ పిల్ల, పిల్ల కన్నూ పెద్దల కన్నూ ఒకటే, చూసింది చెప్పింది, దాని తప్పేమీ లేదు. కానీ ఆ మాట నోటివెంట వస్తే ఇద్దరమూ ఒకే తలుపులోంచి బయటపడతాం. ఆయనతో కలిసి బయటపడడం నాకు ఇష్టం లేదు.

"అవునంకుల్, అన్నాను" అన్నాను మైకులోనే. "నా మాట నేను వెనక్కి తీసుకుంటాను. ముందు నేను, తర్వాత మీరు." హాలుకేసి తిరిగాను. "మా నాన్న అప్పలనాయుడు ఆ రోజు తాగలేదు. ఏ రోజూ తాగలేదు. ఆయన పరిచిన గోడ తిన్నగా ఉంది. కొలవకుండా ఒంకర అన్నాను. తప్పు చేశాను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. స్టేజీ దిగి వెళ్ళి మైకు ఆయన ముందు పెట్టాను. ఆయన తీసుకోలేదు. "పెద్దవాణ్ణమ్మా, ఇంతమందిలో ఎందుకు, ఇంటికి రా, మాట్లాడుకుందాం" అన్నాడు మెల్లగా.

"అప్పుడూ ఇంతమందే ఉన్నారంకుల్" అన్నాను.

మేఘన ఆయన భుజం మీద చెయ్యి వేసి, "తాతయ్యా, చెప్పేయండి" అంది. ఆయన చెయ్యి చాచి మైకు పట్టుకున్నాడు. జాలి వెయ్యాల్సిన వయసే. నేను పక్కకి తప్పుకోలేదు. ఆయన మొదటి మాటనుంచి ఆఖరి మాట దాకా చెప్పేవరకూ, ఎదురుగా, అక్కడే నిలబడ్డాను.